ప్రథమస్థానము ఎవరిది?

విశ్వవిద్యాలయములందు పట్టప్రదానము జరుగు ఉత్సవమును తెలుగున స్నాతకోత్సవమని పిలుచుచున్నారు. ఈ మాట నేడు పుట్టినది కాదు. గురుకులమున వేదాధ్యయనము ముగించి, గురువు అనుజ్ఞను పొంది, మంగళస్నానము చేసి గృహమునకు మరలివచ్చు బ్రహ్మచారికి స్నాతకుడని పేరు. ఆ సంస్కారమునకు సమావర్తనమని వ్యవహారము. విద్య ముగిసిన శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనము తైత్తిరీయోపనిషత్తున శీక్షావల్లియందు కలదు. సత్యమునుండియు ధర్మమునుండియు తొలగవలదనియు, చదివిన చదువును మరువక పరులకు చెప్పుచుండవలెననియు, తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవముగా భావింపవలెననియు, దానము చేయునపుడు శ్రద్ధతోను వినయముతోను చేయవలెననియు ఆ గురువు బోధించును. కాని తోడి శిష్యులలో నీవు ఎన్నవవాడవను మాట ఆ అనుశాసనమున ఎంత వెదకినను కానరాదు.

నేటి స్నాతకోత్సవమున ముందుగా వినవచ్చునది ఆ మాటయే. ప్రథమశ్రేణి, ప్రథమస్థానము, బంగారు పతకము అను శబ్దములకు సభ యావత్తును కరతాళధ్వనులు చేయును. వేదికపై పతకము అందుకొనువాని తల్లిదండ్రుల కన్నులు చెమర్చును. ఇందు తప్పు పట్టవలసినది లేదు. రాత్రింబవళ్లు శ్రమించినవానికి లోకము గౌరవము చేయుట న్యాయమే. అయినను భగవద్భక్తులైన గృహస్థుల యిండ్లలో ఈ విషయమున ఒక సందేహము పుట్టుచున్నది. ప్రథమస్థానము ఒక్కటే గదా! దానిని ఒకడు పొందెననగా తక్కినవారెల్లరు పొందలేదనియే అర్థము. అట్టిదానిని భగవంతుని కోరుట, ఇతరుని ఓటమిని కోరుట కాదా? కోరక మానినచో, విద్యార్థి తన శక్తినంతయు ఏ లక్ష్యముతో వినియోగించును? ఈ ప్రశ్న చిన్నది కాదు. పరీక్షల దినములు సమీపించినపుడు వేలాది గృహములందు ఇది మనస్సులను కలచుచున్నది.

విశాఖపట్టణమున ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన తావు కలదు. 1926లో బెజవాడయందు ఆరంభమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరు మెట్టకు తరలివచ్చెను. 1933లో ఓడరేవు తెరవబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితము గావింపబడెను. రేవులో సరకు దింపు కళాసీ కుమారుడును, కొలిమి ఎదుట నిలుచు ఉక్కు కార్మికుని కుమార్తెయు, ఒకే విశ్వవిద్యాలయపు మెట్లు ఎక్కుచున్నారు. అట్టి కుటుంబమునకు పతకమనునది కేవలము అలంకారము కాదు. అది ఒక తరము పడిన శ్రమకు లభించిన సాక్ష్యము. ఆ నగరమునకు సమీపముననే శ్రీ వరాహనరసింహస్వామి సింహగిరిపై వేంచేసియున్నాడు. యాత్రికులు కప్పస్తంభమును ఆలింగనము చేసికొని తమ కోరికను స్వామికి విన్నవించుకొనుట అచట పరిపాటి. ఒకే తరగతిలో చదువు ఇరువురు విద్యార్థులు, ఒకరి వెనుక ఒకరు అదే స్తంభమును కౌగిలించి, అదే ప్రథమస్థానమును కోరిరనుకొందము. స్వామి ఎవరి మొర వినవలెను?

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన ధ్యేయవాక్యమును తైత్తిరీయోపనిషత్తునందలి శాంతిపాఠమునుండి గ్రహించినది. చదివిన చదువు తేజోవంతమగు గాక యని దాని తాత్పర్యము. ఇందు ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఆ మంత్రమున 'నౌ' అను పదము కలదు. అది ద్వివచనము. 'మన ఇరువురి చదువు' అని గురుశిష్యులు కూడి చేయు ప్రార్థనయే గాని, 'నా చదువు' అని ఒకడు చేయు ప్రార్థన కాదు. సంస్కృతమున ఏకవచనము లేకపోలేదు. ఋషి తెలిసియే దానిని విడిచెను. అంతియే కాదు. తేజస్సును కోరిన వెంటనే, మనలో పరస్పర ద్వేషము కలుగకుండు గాక యని ఆ మంత్రము ప్రార్థించును. తేజస్సు కలిగినచోట ద్వేషము మొలచుటకు అవకాశము కలదని ఋషి ఎరుగును. గురుశిష్యుల నడుమనే అట్టి భయము ఉండినచో, ఒకే పతకమునకై చదువు సహాధ్యాయుల నడుమ ఆ ప్రార్థన ఎంత అవసరమో వేరుగ చెప్పవలెనా?

ఇక విచారణకు వత్తము. ఈ విషయమున రెండు పక్షములు వినవచ్చుచున్నవి.

మొదటి పక్షమువారు ఇట్లందురు: "గౌరవాపేక్ష అహంకారమునకు మూలము. వేదాంతదేశికులు విజయనగర రాజాస్థానమునుండి వచ్చిన ఆహ్వానమును తిరస్కరించి, ఉంఛవృత్తితో జీవించిరని సంప్రదాయము చెప్పుచున్నది గదా! భక్తునకు పతకములతో పనియేమి? ఉత్తీర్ణుడైన చాలును." వినుటకు ఇది వైరాగ్యమువలెనే యుండును. కాని దేశికులు త్యజించినది రాజు ఈయదలచిన సంపదను. వారు విద్యయందలి శ్రమను త్యజింపలేదు. ఇరువది యేండ్లు నిండునప్పటికే సర్వవిద్యలను అభ్యసించిన మహనీయుడాయన. తనకు లేనిదానిని విడిచిపెట్టితినని చెప్పుట త్యాగము కాదు. దరిద్రుడు ధనమును త్యజించితిననుటవంటిదే, చదువనివాడు పతకమును త్యజించితిననుట. సోమరితనము కాషాయము ధరించినంతమాత్రమున వైరాగ్యము కానేరదు.

రెండవ పక్షమువారు ఇట్లందురు: "పోటీ లేనిదే ప్రజ్ఞ వికసింపదు. పరులను మించవలెనను పట్టుదలయే విద్యార్థికి ప్రాణము. గెలుపును కోరుటయందు దోషమేమి?" ఇందును కొంత సత్యము కలదు. రోగికి శస్త్రచికిత్స చేయువాడు, వంతెన కట్టువాడు సమర్థులై యుండవలెను. సమర్థుని ఎన్నుకొనుటకు లోకమునకు ఒక కొలత కావలెను. పరీక్షయు స్థానములును అట్టి కొలతలు. ఇవి వ్యవహారమునకు అవసరములు. కాని కొలత వేరు, కొలవబడు వస్తువు వేరు. ధాన్యమును కుంచముతో కొలుతురు, ఆకలి తీర్చునది మాత్రము ధాన్యమే. పరులను మించుటయే లక్ష్యమైనపుడు ఏమి జరుగునో మహాభారతమే చూపినది.

ద్రోణాచార్యుని శిష్యులలో అర్జునుడు ప్రథముడు. లోకమున నీతో సమానుడగు విలుకాడు మరియొకడు ఉండకుండునట్లు చేసెదనని గురువు అతనికి మాట యిచ్చెను. అంతలో అడవియందు, ద్రోణుని మట్టిబొమ్మను గురువుగా నిలిపి విలువిద్య సాధించిన ఏకలవ్యుడు వెలుగులోనికి వచ్చెను. అర్జునుడు గురువును ఏకాంతమున కలిసి, ఇచ్చిన మాటను జ్ఞాపకము చేసెను. ద్రోణుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలిని అడిగెను. ఆ నిషాదకుమారుడు ముఖము చిన్నబుచ్చుకొనక కోసియిచ్చెను. అప్పుడు అర్జునునికి జ్వరము విడిచినట్లయ్యెనని వ్యాసభగవానుడు వర్ణించెను. ఆ జ్వరశబ్దమును ఆలోచింపవలెను. అర్జునుడు నీచుడు కాడు. శ్రీకృష్ణునకు ప్రియసఖుడు. గురువు చెట్టుపై పక్షిని నిలిపి పరీక్షించినపుడు దాని శిరస్సును తప్ప మరేమియు చూడని ఏకాగ్రత గలవాడు. అంతటివానికి సైతము ప్రథమస్థానము చేజారునేమో యను తలంపు జ్వరమైనది. ఇతరుని బొటనవ్రేలు తెగినగాని ఆ జ్వరము దిగలేదు. అతని ప్రథమస్థానము నిలిచినది, కాని దానిపై ఒక మచ్చయు నిలిచినది. నేటికిని ఆ కథ విన్నవారు ఏకలవ్యునికై కన్నీరు పెట్టుదురే గాని అర్జునుని అభినందింపరు.

ఆ అర్జునుని కథకు చివరిభాగము కూడ కలదు. శ్రీకృష్ణుడు అవతారము చాలించిన పిదప, ద్వారకయందలి స్త్రీలను, వృద్ధులను, బాలురను వెంటబెట్టుకొని అర్జునుడు పయనమయ్యెను. దారిలో ఆభీరులు కర్రలు పట్టి పైబడిరి. గాండీవమును ఎక్కుపెట్టుటయే అతనికి కష్టమయ్యెను. దివ్యాస్త్రములు జ్ఞప్తికి రాలేదు. అక్షయతూణీరములు క్షీణించెను. విల్లు అదియే, చేతులు అవియే, విలుకాడును అతడే. స్వామి మాత్రము ఎదుట లేడు. లోకమున ప్రథముడని పేరొందిన ఆ వీరునకు, తన ప్రజ్ఞ తనది కాదను సత్యము ఆనాడు తెలిసెను. ఏ స్థానమునకై ఒక నిరపరాధి బొటనవ్రేలు తెగినదో, ఆ స్థానము ఎన్నడును అర్జునుని సొత్తు కాదు.

దీనికి ప్రతిగా మరియొక విద్యార్థి కథ కలదు. అది సింహాచలక్షేత్రమునకు మూలమైన కథయే. ప్రహ్లాదుని శుక్రాచార్యుని పుత్రులగు చండామార్కులయొద్ద చదువవేసిరి. ప్రహ్లాదుడు చదువనొల్లని బాలుడని కొందరు తలంతురు. అది సరికాదు. గురువులు చెప్పిన పాఠమును అతడు శ్రద్ధగా విని, చక్కగ అప్పగించెడివాడని భాగవతము చెప్పుచున్నది. అయితే వీడు నావాడు, వాడు పరుడు అను భేదబుద్ధిపై కట్టబడిన ఆ రాజనీతి అతని మనస్సునకు రుచింపలేదు. అనగా అతడు పాఠమునందు వెనుకబడినవాడు కాడు, పాఠమును దాటి చూచినవాడు.

ఒకనాడు హిరణ్యకశిపుడు కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, నాయనా! నీవు నేర్చినదానిలో ఉత్తమమైనది ఏదియో చెప్పుమని అడిగెను. ఆ ప్రశ్న ఎంత చక్కనిదో గృహస్థులు గమనింపవలెను. ఎన్ని మార్కులు వచ్చినవి, ఎన్నవ ర్యాంకు వచ్చినది, పొరుగింటివానికి ఎన్ని వచ్చినవి అను ప్రశ్నలు నేటి యిండ్లలో ప్రతిదినము వినబడుచున్నవి. నీవు నేర్చినదానిలో మేలైనది ఏది యను ప్రశ్న ఎన్ని యిండ్లలో వినబడుచున్నది? దైత్యరాజు అడిగిన ప్రశ్నను సైతము అడుగజాలని స్థితికి దిగజారుట శోచనీయము. హిరణ్యకశిపుని దోషము ప్రశ్నలో లేదు. తాను కోరిన సమాధానము తప్ప వేరొక సమాధానమును సహింపలేకపోవుటయే అతని దోషము. శ్రీహరిని సేవించుటయే ఉత్తమమైన చదువని బాలుడు చెప్పగా, ఆ తండ్రి ఒడినుండి కుమారుని నేలకు త్రోసెను.

ప్రహ్లాదుని చరిత్రలో ప్రస్తుతవిషయమునకు మిక్కిలి ముఖ్యమైన ఘట్టము మరియొకటి కలదు. గురువులు గృహకృత్యములకై లోనికేగిన సమయమున దైత్యబాలకులు ఆటకు పిలువగా, ప్రహ్లాదుడు వారిని చుట్టును కూర్చుండబెట్టుకొని తాను ఎరిగిన పరమార్థమును బోధించెను. తల్లి గర్భమున ఉండగా నారదమహర్షి ముఖమున విన్న విద్య అది. మరియెవ్వరికిని లభింపని విద్య. తాను ఒక్కడే ఎరిగియున్నచో ప్రథముడుగా ఉండవచ్చును. అతడట్లు చేయలేదు. తోడి విద్యార్థులందరును తనతో సమానులు కావలెనని కోరెను. అర్జునుడు ఒక్కడై నిలువగోరెను, ప్రహ్లాదుడు అందరితో కూడి నడువగోరెను. భక్తునకును వీరునకును గల తారతమ్యము ఇదియే.

స్తంభమునుండి వెలువడిన నృసింహస్వామి శాంతించి, వరములు కోరుకొమ్మని ప్రలోభపెట్టినపుడు ప్రహ్లాదుడు ఏమనెను? లాభమును ఆశించి స్వామిని సేవించువాడు వర్తకుడే గాని భృత్యుడు కాడని అతని అభిప్రాయము. తన హృదయమున కోరికయే మొలకెత్తకుండు వరమును వేడెను. ఆ పిమ్మట తనను హింసించిన తండ్రి పవిత్రుడు కావలెనని ప్రార్థించెను. సింహగిరిపై మ్రొక్కుకొను విద్యార్థి, తాను ఎవని ఆరాధ్యదైవము ఎదుట నిలిచియున్నాడో ఒక్క నిమిషము తలంచుకొనవలెను. పతకము వచ్చినచో ఇంత సమర్పింతునని చేయు మ్రొక్కునందు భక్తి ఎంత, బేరము ఎంత?

ఇంతమాత్రమున కోరికతో వచ్చిన విద్యార్థిని మందలింపరాదు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అను నాలుగు తెగల భక్తులను పేర్కొని, వీరందరును ఉదారులే యని గీతాచార్యుడు చెప్పియున్నాడు. కోరుకొనుటకైనను స్వామియొద్దకే వచ్చిన బిడ్డ ధన్యుడు. అయితే మొదటి తరగతిలో చేరిన బాలుడు అందే నిలిచిపోరాదు గదా! ప్రార్థనకును తరగతులు కలవు. నన్ను ప్రథముని చేయుమనునది మొదటి తరగతి. నా ప్రయత్నమున లోపము రానీయకుమనునది పై తరగతి. నా విద్య నీ కైంకర్యమునకు పనికివచ్చునట్లు చేయుము, తోడివారిపై నాకు ద్వేషము కలుగనీయకుమనునది అంతకు పై తరగతి. కప్పస్తంభమును కౌగిలించిన ఇరువురును ఈ మూడవ ప్రార్థన చేసినచో, స్వామి ఇరువురి మొరను సంపూర్ణముగా వినగలడు. ఇందు ఒకరి ప్రార్థన మరియొకరి ప్రార్థనకు అడ్డు రాదు.

పురాణకథలు సరే, ఈ కాలమున ఇది సాధ్యమా యని సందేహింపవచ్చును. విశాఖపట్టణముననే చదివిన ఒక విద్యార్థి చరిత్రను పరిశీలింతము. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన బళ్లారి జిల్లా హడగలిలో జన్మించిరి. తల్లిదండ్రులకు అష్టమసంతానము. దేవకీదేవికి అష్టమగర్భమున జన్మించిన శ్రీకృష్ణుని తలంచి ఆ పేరు పెట్టిరి. తండ్రి పోలీసుశాఖలో ఉద్యోగి యగుటచే బాలుడు పెక్కు ఊళ్లలో చదివి, తుదకు విశాఖపట్టణము చేరెను. అచట ఏ.వి.ఎన్. కళాశాలలోను, పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును చదివి, 1940లో గణితశాస్త్రమున ఎం.ఏ. పట్టమును ప్రథమశ్రేణిలో పొందెను. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి చదువునకు కూర్చుండబెట్టెడివారు. తరువాతికాలమున లోకప్రసిద్ధుడైన పిదప, ఆయన తన గ్రంథమొకదానిని ఆ తల్లికి అంకితము చేయుచు ఈ సంగతిని కృతజ్ఞతతో స్మరించిరి. పతకముపై విద్యార్థి పేరు మాత్రమే చెక్కుదురు. ఆ దీపము వెలిగించిన చేతి పేరు అందు ఉండదు.

ప్రథమశ్రేణి లభించినంతమాత్రమున ద్వారములన్నియు తెరచుకొనలేదు. పరిశోధకవేతనమునకై పెట్టిన దరఖాస్తు గడువు దాటిన పిదప చేరినందున ఫలింపలేదు. యుద్ధకాలపు ఉద్యోగమొకదానికై కలకత్తాకు పోగా అదియు లభింపలేదు. ఆ పయనములో, బసచేసిన చోట పరిచయమైన ఒక వ్యక్తి ద్వారా, ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంకశాస్త్రసంస్థను గూర్చి తెలిసికొని, 1941 జనవరి 1వ తేదీన అందు శిక్షణకు చేరిరి. లభింపని రెండు వస్తువులే ఆయనను తన నిజమైన స్థానమునకు చేర్చినవి. ఆస్తికులు దీనిని భగవత్సంకల్పమందురు.

1943లో కలకత్తా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రమున ఎం.ఏ. ముగించి, బంగారు పతకము పొంది, ఆయన అచటనే బోధింపసాగిరి. ఒకనాడు పాఠము చెప్పుచుండగా, తదుపరి కాలమున అర్థశాస్త్రవేత్తగా ప్రసిద్ధికెక్కిన వి. ఎం. దాండేకర్ అను విద్యార్థి ఒక ప్రశ్న వేసెను. లెక్కకు మిక్కిలిగా ఉదాహరణములున్నపుడు సిద్ధించునని చెప్పిన ఫలితమును, పరిమితమైన ఉదాహరణములకు ఏల సాధింపరాదని ఆ ప్రశ్న సారాంశము. ఆచార్యుడు రాత్రియంతయు కూర్చుండి సాధించి, మరునాడు తరగతిలో సమాధానము చెప్పెను. అది 1945లో ప్రకటితమైనది. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదు సంవత్సరములు. గల ఆధారములతో తెలియని సంఖ్యను ఊహించునపుడు, అందు పొరపాటును ఎంత ప్రయత్నించినను ఒక మేరకు మించి తగ్గింపజాలమని ఆ సిద్ధాంతము చూపును. మానవుని ఊహకు హద్దు కలదనియు, ఆ హద్దు ఎచట ఉన్నదో లెక్కగట్టవచ్చుననియు తెలుపుటయే దాని గొప్పతనము. స్వీడను దేశీయుడగు హెరాల్డ్ క్రామర్ అను పండితుడును స్వతంత్రముగా అదే ఫలితమును సాధించినందున, దానికి క్రామర్-రావు అను జంటపేరు స్థిరపడినది.

'నౌ' అను ద్వివచనమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము దొరకునా? ఆ ప్రశ్న శిష్యునిది, సమాధానము గురువుది. ఆ ఫలితము ఒక తెలుగువానిది, ఒక స్వీడను దేశీయునిది. విద్య తేజోవంతమైనపుడు అది ఒక్కని సొత్తుగా నిలువదు. మరియొక విశేషము. పరీక్షాఫలితము కొన్ని వారములలో తెలియును. 1945నాటి ఆ కృషికి ప్రధానాధారముగా అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము 2023లో ప్రకటితమైనది. అప్పటికి ఆయనకు 102 సంవత్సరములు. అదే సంవత్సరము ఆగస్టు 22వ తేదీన పరమపదించిరి. నడుమ 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ బిరుదులును, దేశదేశముల విశ్వవిద్యాలయములు సమర్పించిన గౌరవ డాక్టరేటులును లభించినవి. 78 సంవత్సరముల పిదప వచ్చు ఫలమును కోరి ఎవ్వడును రాత్రి మేలుకొని లెక్క చేయడు. ఆ రాత్రి ఆయనను మేలుకొలిపినది ఒక ప్రశ్న మాత్రమే.

ఇప్పుడు సిద్ధాంతము. భగవద్రామానుజులు గీతాభాష్యమున, పదునెనిమిదవ అధ్యాయమును వ్యాఖ్యానించుచు, సాత్త్వికత్యాగము మూడు విధములని వివరించిరి. నేను చేసితినను కర్తృత్వమును విడుచుట, ఈ కర్మ నాదను మమకారమును విడుచుట, దీని ఫలము నాకు కావలెనను ఆశను విడుచుట. కర్మమునే విడుచుట త్యాగము కాదని వారి నిర్ణయము. దీనిని విద్యార్థి జీవితమునకు అన్వయింతము.

మొదటిది కర్తృత్వత్యాగము. చదివినది నేనే యని తలంచు విద్యార్థి తన చదువునకు ఎందరు కర్తలో లెక్కింపవలెను. తెల్లవారుజామున లేపిన తల్లి, రుసుము కట్టుటకు అదనపు వేళలు పనిచేసిన తండ్రి, అక్షరము దిద్దించిన గురువు, విశ్వవిద్యాలయమునకు పన్నుల రూపమున ధనమిచ్చిన ముక్కు మొగము తెలియని జనము, అందరికంటె ముందు బుద్ధిని ఇచ్చి దానిని ప్రేరేపించిన అంతర్యామి. ఈ లెక్క సరిగా చేసినవానికి గర్వింపవలసిన భాగము మిగులదు. కృతజ్ఞత మాత్రము మిగులును.

రెండవది మమతాత్యాగము. విశాఖ రేవునకు వచ్చు ఓడను చూడవలెను. దాని గర్భమున వేల టన్నుల సరకు ఉండును. ఆ బరువునకు ఓడ నీటిలో లోతుగా దిగి గంభీరముగా కదలును. కాని ఆ సరకు ఓడది కాదు. ఎచటనో ఎవరికో చేర్చవలసినది. చేర్చుటయే ఓడ ధర్మము. దింపక తనయందే ఉంచుకొన్నచో ఓడకు ఉపయోగము లేదు, సరకునకు విలువ లేదు. విద్వాంసుని విద్యయు అట్టిదే. శ్రీవత్సాంకమిశ్రులగు కూరేశుల చరిత్ర ఇందుకు తార్కాణము. రామానుజులు బోధాయనవృత్తికై కాశ్మీరమునకు వెళ్లినపుడు, ఆ గ్రంథమును అచటివారు తిరిగి తీసికొనిపోగా గురువు చింతించెను. అప్పుడు కూరేశులు, రాత్రులయందు దానిని చదివి ధారణ చేసితినని విన్నవించిరట. అంతటి ధారణాశక్తి నేటి విశ్వవిద్యాలయమున ఉండినచో ఎన్ని పతకములు వచ్చునో! కూరేశులు దానిని తన కీర్తికి వినియోగింపలేదు. శ్రీభాష్యరచనకు సమర్పించిరి. ధనము, విద్య, కులము అను మూటివలన కలుగు మదమును దాటిన మహాత్ముడని పెద్దలు ఆయనను కీర్తించిరి.

మూడవది ఫలత్యాగము. పతకమును సముద్రమున పారవేయుమని దీని భావము కాదు. వచ్చినచో స్వామిప్రసాదమని కన్నుల కద్దుకొనవలెను, రాకున్నను ప్రసాదమనియే స్వీకరింపవలెను. ఈ త్యాగము మనస్సున ఉన్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. గ్రంథాలయమున అవసరమైన పుస్తకమును ఇతరులకు దొరకకుండ వేరొక అరలో దాచు విద్యార్థికి ఎన్ని పతకములు వచ్చినను, ఏకలవ్యుని బొటనవ్రేలు అడిగినవాడే యగును. తాను వ్రాసికొన్న పాఠమును వెనుకబడిన సహాధ్యాయికి ఇచ్చి, అర్థము కానిచోట విడమరచి చెప్పువాడు ప్రహ్లాదుని తరగతిలో చేరినవాడు. ఇట్లు చెప్పువానికి నష్టము లేదు. ఇతరులకు చెప్పగా చెప్పగా తనకే పాఠము స్పష్టపడునని బోధించినవారందరును ఎరుగుదురు.

స్థానము రానివారిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. పట్టికలో కొన్ని అంకెలు తగ్గినందున బాలబాలికలు ప్రాణములు తీసికొను దుర్వార్తలు వినవచ్చుచున్నవి. ఇంతకంటె హృదయవిదారకమైనది లేదు. జీవాత్మ శేషభూతుడు, పరమాత్మ శేషి యని విశిష్టాద్వైతము బోధించుచున్నది. అనగా ఈ ఆత్మయు, ఈ శరీరమును స్వామి సొత్తు. స్వామి ఎంతో విలువగలదిగా దాచుకొన్న సొత్తును, ఒక కాగితముపై అంకెను చూచి విలువలేనిదని నిర్ణయించుటకు విద్యార్థికి గాని, తండ్రికి గాని అధికారము లేదు. తండ్రి వేసిన పరీక్షలో తప్పినవాడే ప్రహ్లాదుడు. అతనిని కొండపైనుండి త్రోసినను స్వామి రక్షించెను. ఫలితములు తెలిసిన దినమున బిడ్డను ఒడిలోనికి తీసికొనుట తల్లిదండ్రుల ధర్మము. ఒడినుండి త్రోయుట హిరణ్యకశిపుని పని. ఆ దినమున గృహమున నిలువవలసినది తీర్పు కాదు, ధైర్యవచనము.

సింహాచలమున స్వామి సంవత్సరమంతయు చందనాచ్ఛాదితుడై దర్శనమిచ్చును. వైశాఖమాసమున అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపము దర్శింపనగును. చందనము సుగంధభరితమైనది, చల్లనిది, పూజ్యమైనది. అయినను చందనమే స్వామి కాదు. పట్టములు, పతకములు, స్థానములు విద్యకు పూసిన చందనమువంటివి. వానిని తృణీకరింపరాదు, వానినే విద్యయని భ్రమింపరాదు. పూత తొలగించి చూచినపుడు లోపల నిజమైన విద్య, దానికి లోపల వినయము, దానికిని లోపల స్వామి కానవచ్చినచో ఆ విద్యార్థి జన్మ సార్థకము.

కావున ప్రథమస్థానము ఎవరిదను ప్రశ్నకు సమాధానమిది. జగత్తునకు ప్రథముడు శ్రీమన్నారాయణుడు ఒక్కడే. తక్కినవారందరును ఆయన పాదములకడ సహాధ్యాయులు. ఆ సహాధ్యాయులలో ఎవనికి ఏ గౌరవము లభించినను అది కైంకర్యమునకు ఇచ్చిన ఉపకరణము. పూర్ణప్రయత్నము విద్యార్థి వంతు, ఫలనిర్ణయము స్వామి వంతు, లభించినదానిని పదిమందికి పంచుట మరల విద్యార్థి వంతు. సింహాద్రినాథుని కటాక్షమున విద్యార్థిలోకమునకు తేజస్సును, ద్వేషరహితమైన మనస్సును, గెలుపోటములయందు సమబుద్ధియు కలుగు గాక!